మాటల తీగయు, అంకెల తీగయు

నేటి ప్రసంగమునకు విషయము వేగము. బండి వేగము గాదు, గుఱ్ఱపు వేగము గాదు. తీగవెంట వార్త పోవు వేగము. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు అక్షరములును, పటములును, లెక్కలును పంపుటకు మన దేశమున రెండు త్రోవలు కొంతకాలము ప్రక్కప్రక్కన వాడుకలో నుండెను. మొదటిది, ఇంటి టెలిఫోను తీగకు మోడెమను పెట్టెను తగిలించి, పని పడినప్పుడు నంబరు త్రిప్పి పిలుచుకొను త్రోవ. దీనిని డయలప్ అనిరి. రెండవది, బాడుగ కట్టి, రేయింబవళ్లు తమకొఱకే నిలుపుకొను డిజిటల్ త్రోవ. దీనిని లీజు లైను అందురు. వీనిలో మొదటిది దాదాపు గతించినది. రెండవది ఇప్పటికిని కలదు.

గతించిన దానితో మనకేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. నేడు పంచాయతీ కార్యాలయమునకో, పాఠశాలకో, సహకార సంఘమునకో “ఇంత వేగము గల లైను” అని చెప్పి కాగితముపై సంతకము పెట్టించుకొనుచున్నారు. ఆ కాగితముపై నున్న అంకెకు అర్థమేమి, దానిలో మన చేతికి నిజముగా వచ్చునది ఎంత, అన్నది పెద్దలు తెలిసికొనవలెను. అందులకు ఈ రెండు త్రోవల తారతమ్యమును విచారించుటకంటె సులభోపాయము నాకు తోచలేదు.

మొదట కొలత. ధాన్యమునకు కుంచము, మానిక యెట్లో, వార్తకు బిట్టు అట్లు. ఛందస్సు నెఱిగినవారికి ఇది క్రొత్త గాదు. పద్యమున ప్రతి యక్షరమును లఘువో గురువో యగును, మూడవది లేదు. అట్లే యంత్రమునకు తెలిసిన చిహ్నములు రెండే, సున్నయు, ఒకటియు. అట్టి యొక్క చిహ్నము ఒక బిట్టు. లఘుగురువులను మూడు చోట్ల నిలిపినచో ఎనిమిది రూపములు వచ్చును. అవియే య, మ, త, ర, జ, భ, స, న గణములు. నాలుగు చోట్ల నిలిపిన పదునాఱు వచ్చును. ఒక్కొక్క చోటు హెచ్చినకొలది రూపముల సంఖ్య రెట్టింపగును. ఎనిమిది చోట్లకు 256 రూపములు. పింగళుని ఛందశ్శాస్త్రమున ప్రస్తారమని చెప్పబడిన లెక్క యిదియే. ఈ ప్రస్తారము ముందు రెండు మాఱులు మనకు పనికి వచ్చును గావున మఱవకుడు.

ఎనిమిది బిట్లు కూడినచో ఒక బైటు. ఇచ్చట మొదటి జాగ్రత్త కలదు. తీగ వేగమును బిట్లలో చెప్పుదురు. పటముల పరిమాణమును బైట్లలో చెప్పుదురు. రెండును “మెగా” యని మొదలగుటచేత ఒకటే యని భ్రమ కలుగును. నడుమ ఎనిమిది రెట్ల భేదము కలదు. సెకనుకు ఎనిమిది మెగాబిట్లు పోవు తీగపై సెకనుకు వచ్చునది ఒక మెగాబైటు మాత్రమే. కుంచములలో బేరమాడి మానికలలో కొలిపించుకొన్నవాని సంగతి మీకు చెప్పనక్కఱలేదు.

మన తెలుగు అక్షరము బరువెంత యని కూడ చూతము. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. నేడు లోకమంతట వాడుకలో నున్న యూనికోడు పద్ధతిలో, సాధారణముగా పంపు విధమున, తెలుగు అచ్చునకుగాని, హల్లునకుగాని, గుడి, కొమ్ము మొదలైన గుర్తునకుగాని ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావలెను. “స్త్రీ” యనునది మనకు ఒక్క యక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని ఆఱు గుర్తులు. అనగా 18 బైట్లు, 144 బిట్లు. అట్టి గుర్తులు 1,500 గల పుట 36,000 బిట్లగును. ఈ పుటను గుర్తుంచుకొనుడు.

ఇక మోడెము సంగతి. టెలిఫోను తీగ మనుష్యుని మాట కొఱకు పుట్టినది. మాట తెలియుటకు సెకనుకు 300 మొదలు 3,400 వఱకు గల కంపనములు చాలునని నిర్ణయించి, టెలిఫోనువారు తక్కిన ధ్వనులను వడగట్టివేసిరి. యంత్రముల సున్నలును ఒకట్లును ఆ తీగపై పోవలెనన్న అవియు ధ్వనిరూపమే దాల్చవలెను. పంపువైపు అంకెలను ధ్వనిగా మార్చి, అందుకొనువైపు ధ్వనిని మరల అంకెలుగా మార్చు పెట్టెయే మోడెము. మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు మాటల తొలి భాగములను అతికి ఆ పేరు పెట్టిరి.

అమెరికా దేశమున బెల్ సంస్థ 1962లో బెల్ 103 అను మోడెమును వెలువరించెను. అందు పిలుచువాని వైపునుండి సున్నకు సెకనుకు 1,070 కంపనముల స్వరము, ఒకటికి 1,270 కంపనముల స్వరము పోవుచుండెను. దాని వేగము సెకనుకు 300 బిట్లు. మనము చెప్పుకొన్న తెలుగు పుట ఆ వేగమున పోవుటకు రెండు నిమిషములు పట్టును. చేయి తిరిగిన లేఖకుడు వ్రాయుటకంటె వేగమే గాని, చదువరి చదువుటకంటె గొప్పగా వేగము గాదు.

అటుపిమ్మట వేగము మెట్టుమెట్టుగా పెరిగినది. 1984 నాటి నియమములలో 2,400 బిట్లును, 9,600 బిట్లును వచ్చినవి. 1994లో 28,800, 1996లో 33,600, 1998లో వి.90 అను నియమముతో 56,000. మన దేశమున విదేశ సంచార నిగమ్ వారు 1995 ఆగస్టు 15వ తేదీన సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు నిచ్చినపుడు టెలిఫోను ద్వారా దొరకిన వేగము సెకనుకు 9,600 బిట్లు.

మోడెములను ఇంకను మెఱుగుపఱచినచో లక్ష, పదిలక్షలు రాకపోవునా? రాదు. ఏలయన, దానికొక హద్దు కలదు. ఆ హద్దును 1948లో క్లాడ్ షానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గణితముచే నిరూపించెను. తీగపై మన సంకేతము ఒక్కటే యుండదు. ఏదో యొక చప్పుడు, గరగర, ఎల్లప్పుడు నుండును. సంకేతము ఆ గరగరకు వేయిరెట్లు బలముగా నున్నదనుకొనుడు. ఆ వేయిని ప్రస్తారముతో పోల్చిన, పది చోట్ల లఘుగురువులు నిలిపినచో వచ్చు 1,024 రూపములకు దాదాపు సమానము. కాబట్టి వెడల్పులో ఒక్కొక్క కంపనమునకు పది బిట్లు పోగలవు. మాట తీగ వెడల్పు 3,400లో 300 తీసివేయగా 3,100. పదింట గుణింపగా 31,000. గరగర ఇంకను తక్కువైన మంచి తీగపై మఱి కొన్ని వేలు హెచ్చును. 33,600 దగ్గఱ మోడెములు ఆగిపోవుటకు కారణమిదియే. చేసినవారి నేర్పు తక్కువ గాదు. త్రోవయే అంత వెడల్పు.

అట్లయిన 56,000 ఎట్లు వచ్చినది? ఇది తెలియవలెనన్న ముందు డిజిటల్ త్రోవ సంగతి తెలియవలెను.

మన మాట ఎక్స్చేంజి చేరిన పిమ్మట ధ్వనిగా పోదు. అచ్చట దానిని సెకనుకు 8,000 మాఱులు కొలుతురు. ప్రతి కొలతను ఎనిమిది బిట్లతో, అనగా 256 మెట్లలో ఏదో యొక మెట్టుగా వ్రాయుదురు. 8,000ను ఎనిమిదింట గుణింపగా సెకనుకు 64,000 బిట్లు. ఒక మనుష్యుని మాటకు డిజిటల్ లోకమున ఏర్పడిన దారి వెడల్పు అదియే. మన దేశమున 1984లో స్థాపితమైన సీ-డాట్ సంస్థ గ్రామములకని నిర్మించిన చిన్న ఎక్స్చేంజిలును ఈ పద్ధతివే. అట్టి ఎక్స్చేంజి గల యూరివారు, తమ ఇంట కంప్యూటరు లేకున్నను, టెలిఫోనులో మాటాడినంతసేపు సెకనుకు 64,000 బిట్లు పంపినవారే.

ఇట్టి దారులను కట్టగట్టి పెద్ద బాటలు చేసిరి. అమెరికాలో 24 దారుల కట్ట, దానిపై పహరా బిట్లు కొన్ని కలిపి, సెకనుకు 15,44,000 బిట్లు. ఐరోపాలోను, మన దేశములోను 32 దారుల కట్ట. అందు 30 మాటలకు, తక్కిన రెండు కాలము సరిచూచుటకును, పిలుపు గుర్తులకును. మొత్తము సెకనుకు 20,48,000 బిట్లు. విచిత్రమేమన, అమెరికా కట్ట కూడ ఆ 1962వ సంవత్సరమందే, ఆ బెల్ సంస్థవారిచేతనే వాడుకలోనికి వచ్చెను. ఒకే యేట ఒకే సంస్థ ఇంటివానికి 300 బిట్ల పెట్టె నిచ్చినది. తన ఎక్స్చేంజిల నడుమ అయిదువేల రెట్లకు మించిన బాట వేసికొన్నది. తరువాత వ్యాపార సంస్థలును, విద్యాలయములును ఆ బాటలో ఒక దారినో, కొన్ని దారులనో, కట్టనంతయునో బాడుగకు తీసికొన్నవి. లీజు లైనులు 64,000 మొదలు 20,48,000 వఱకు మెట్లుగా దొరకుటకు మూలమిదియే.

ఇప్పుడు 56,000 రహస్యము విప్పవచ్చును. మన మోడెము ధ్వనిని ఎక్స్చేంజిలో 256 మెట్లలో ఏదో దగ్గఱి మెట్టునకు సవరించి వ్రాయునపుడు కొంచెము తప్పు కలియును. ఆ తప్పే ఒక గరగర. అందుచే మనవైపునుండి పోవు వార్తకు 33,600 హద్దు తప్పదు. కాని ఇంటర్నెట్టు ఇచ్చువారు తమవైపు టెలిఫోను తీగ విడిచి, నేరుగా డిజిటల్ బాటతోనే ఎక్స్చేంజిని చేరిరి. వారివైపునుండి వచ్చు వార్తకు ఆ సవరింపు తప్పు లేదు. ఐనను రాగి తీగ చివర నున్న మన పెట్టె 256 మెట్లను విడివిడిగా గుర్తింపజాలదు. మిక్కిలి దగ్గఱగా నున్న చిన్న మెట్లు కలిసిపోవును. అందుచే 128 మెట్లతో, అనగా ఏడు బిట్లతో తృప్తిపడిరి. 8,000ను ఏడింట గుణింపగా 56,000. కాబట్టి డయలప్ తుది దశలో సాధించిన గొప్ప వేగము కూడ ఆవలి కొననున్న డిజిటల్ లైను పెట్టిన భిక్షయే. అదియు వచ్చు వార్తకే. పోవు వార్తకు వి.90 నియమమున పాత హద్దే.

లెక్క కట్టి పోల్చి చూతము. పదిలక్షల బైట్ల ఛాయాచిత్ర మొకటి కలదనుకొందము. అది 80 లక్షల బిట్లు. 300 బిట్ల మోడెముపై అది వచ్చుటకు 7 గంటల 24 నిమిషములు. 2,400పై 55 నిమిషములకు మించి. 9,600పై దాదాపు 14 నిమిషములు. 33,600పై సుమారు 4 నిమిషములు. 56,000 నిండుగా దొరికిన 2 నిమిషముల 23 సెకనులు. 64,000 లీజు లైనుపై 2 నిమిషముల 5 సెకనులు. 20,48,000 బిట్ల కట్టపై 4 సెకనులకు లోపల. త్రోవలో కలియు అదనపు గుర్తుల వలన అన్నియు కొంచెము హెచ్చును గాని తారతమ్య మిదియే.

ఇచ్చట తెలివిగలవారు ఒక ప్రశ్న వేయుదురు. “డయలప్ 56, లీజు లైను 64. భేదము ఎనిమిదియే గదా. ఛాయాచిత్రమునకు 18 సెకనులు తగ్గుటకై ఎన్నో రెట్లు హెచ్చు బాడుగ ఎవరైన కట్టుదురా?” సరియైన ప్రశ్న. కట్టిరి. వారు వెఱ్ఱివారు గారు. ఎందులకు కట్టిరో నేను కన్నులార చూచిన దొకటి చెప్పెదను.

2001వ సంవత్సరపు వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున, మా మండల కేంద్రమందలి ఒక ఇంటర్నెట్టు కేంద్రము నొద్ద పిల్లలును తల్లిదండ్రులును గుమిగూడిరి. కంప్యూటరు ఒక్కటి, మోడెమొకటి, టెలిఫోను తీగయొకటి. ఒక విద్యార్థి ఫలితము ఎన్ని యక్షరములు? పేరును, ఆఱు విషయముల మార్కులును, కొన్నివందల బైట్లు. చుట్టునున్న అలంకారములతో కలిపినను 33,600 బిట్ల తీగపై కొన్ని సెకనుల పని. ఐనను మధ్యాహ్నము రెండు గంటల వఱకు పదిమంది ఫలితములు కూడ తెలియలేదు. నంబరు త్రిప్పిన తీఱిక లేదను మ్రోత. దొరికినచో ఈల, కూత, గరగర. అరనిమిషము పెట్టెలు రెండును పలుకరించుకొనుట. అంతలో ఉఱుము. తీగ తెగును. మరల మొదటినుండి. ప్రతి పిలుపునకును టెలిఫోను రుసుము వేఱు. ఒక రైతు కొమార్తె నంబరు చీటిని చేతపట్టుకొని నన్నడిగెను: “పంతులుగారూ, ఇది అరుస్తున్నది గాని చెప్పడం లేదేమండీ?”

ఆ దినమే జిల్లా కేంద్రమున లీజు లైను గల ఒక విద్యాసంస్థలో తమ పిల్లల ఫలితములనన్నిటిని పండ్రెండు గంటలకే అచ్చుతీసి గోడకు అంటించిరి. ఫలితములిచ్చు ఆవలి యంత్రము ఇద్దఱికిని ఒక్కటే. దాని ముంగిట రద్దీయు ఇద్దఱికిని ఒక్కటే. కాని వారి లైను తెగదు గనుక వారు వరుసలో నిలిచి తమ వంతు వచ్చువఱకు ఉండగలిగిరి. మావారి తీగ తెగినప్పుడెల్ల వరుసలో చోటు పోయెను. ఆనాడు మా మండలమునకు కొఱవడినది బిట్ల సంఖ్య గాదు, నిలుకడ. సాయంకాలమునకు ఆ రైతు కొమార్తె ఫలితము తెలిసినది; అమ్మాయి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనది. తండ్రి నవ్వెను గాని, ఆ పూట ఆయన కూలిపని యొకటి పోయినదని నాకు తెలియును.

కాబట్టి 56కును 64కును గల భేదము ఎనిమిది గాదు. దానిని విడివిడిగా చెప్పుదును. ఒకటి, 56,000 అనునది మోడెము అందుకొనగల గరిష్ఠము. పాత తీగ, అతుకులు, వాన, ఎక్స్చేంజి దూరము, వీనినిబట్టి అది 40,000కో, 30,000కో దిగును. లీజు లైను 64,000 అనిన 64,000. రెండు, మోడెము వచ్చునపుడు వడిగాను, పోవునపుడు మెల్లగాను పనిచేయును. లీజు లైనున రెండువైపుల ఒకే వేగము, ఒకే సమయమున. మూడు, డయలప్‌కు పిలుపు కావలెను, దానికి కాలము కావలెను, ఒక్కొక్కప్పుడు దొరకనే దొరకదు. లీజు లైను ఎల్లప్పుడు తెఱచియున్న వాకిలి. నాలుగు, అడిగిన మాటకు బదులు వచ్చుటలో జాగు. మోడెము ధ్వనిని కట్టి విప్పుటలో ప్రతి పోకరాకకు సెకనులో పదవవంతో, అంతకు మించియో అదనముగా పట్టును. ఒక పుట తెఱచుటకు యంత్రములు పలుమాఱులు అడిగి బదులు పొందవలెను గనుక ఈ చిన్న జాగులు కూడి పెద్దవగును. ఐదు, అవసరము పెరిగినప్పుడు లీజు లైనును ఒక దారినుండి ముప్పది దారులకు పెంచవచ్చును. మాట తీగ మోడెమునకు ఆ యవకాశము లేదు.

అట్లని డయలప్‌ను నిందింపరాదు. అది చేసిన మేలు చాల గొప్పది. క్రొత్త తీగ వేయనక్కఱలేక, టెలిఫోను ఉన్న ప్రతి ఇంటికి అది లోకమును తెచ్చెను. దినమునకు ఒక్క జాబు పంపుకొనువానికి రేయింబవళ్ల బాడుగ దండుగ. లీజు లైను వాడినను వాడకున్నను బాడుగ కట్టక తప్పదు. దినమంతయు పని గల కార్యాలయమునకు, పదిమంది కూర్చుండి పనిచేయు చోటికి అది చౌక. ఎప్పుడో యొకప్పుడు పని పడువానికి మోడెమే చౌక. ఊరి కాలువనుండి వంతు నీరు తెచ్చుకొనువానికిని, తన చేనిలో బావి త్రవ్వుకొన్నవానికిని గల భేదమువంటి దిది. బావి అందఱికి అక్కఱలేదు. కాని వంతు తప్పిన దినమున పైరెండువానికి కాలువ వెడల్పు చెప్పి ప్రయోజనము లేదు.

తరువాతి కథ వేగముగా నడచినది. రాగి తీగ ఇఱుకు గాదు, మాటకొఱకు పెట్టిన వడపోతయే ఇఱుకని తెలిసి, ఆ తీగపైననే హెచ్చు కంపనములను వాడు బ్రాడ్‌బ్యాండు వచ్చెను. భారత ప్రభుత్వము 2004లో ప్రకటించిన విధానమున, ఆ పేరునకు తగిన కనీస వేగము సెకనుకు 256 కిలోబిట్లు, అనగా 2,56,000 బిట్లు. ఆ నిర్వచనమున వేగముకంటె ముందు చెప్పిన లక్షణ మేమన, లైను ఎల్లప్పుడు తెఱచియుండవలె ననుట. ఆ కనీస వేగమును 2013లో 512 కిలోబిట్లకు, 2023లో రెండు మెగాబిట్లకు పెంచిరి. రెండు మెగాబిట్లనగా మనము చెప్పుకొన్న 32 దారుల కట్టయంత. ఒకప్పుడు పెద్ద సంస్థలకే అందుబాటులో నుండిన వేగము నేడు బ్రాడ్‌బ్యాండను పేరునకు కనీసార్హత. 2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకమున, గాజు తంతువుల ద్వారా ప్రతి గ్రామ పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్లు, అనగా పదికోట్ల బిట్లు చేర్చుట లక్ష్యము. అమెరికాలో లక్షలమందికి డయలప్ రుచి చూపిన ఎ.ఓ.ఎల్. సంస్థ 2025 సెప్టెంబరు 30వ తేదీన ఆ సేవను నిలిపివేసెను.

మోడెము పోయినది గాని తారతమ్యము పోలేదు. నేటి సామాన్య బ్రాడ్‌బ్యాండు చాల వడిగలది; ఐనను అది పలువురు పంచుకొను బాట. “ఇంతవఱకు” అని చెప్పిన వేగము, వీథివారందఱు ఒక్కసారి వాడు రాత్రి ఎనిమిది గంటలకు అంతగా ఉండకపోవచ్చును. నేటి లీజు లైను ఒక్కరికే కేటాయించినది. చెప్పిన వేగము చెప్పినట్లు, రెండువైపుల సమానముగా ఇత్తుమను ఒడంబడికతో వచ్చును. బాడుగయు అందులకు తగినట్లే హెచ్చు. ఇందొక పరిమితియు చెప్పవలెను. లీజు లైనైనను మన వాకిటినుండి ఇచ్చువాని గడప వఱకే ప్రత్యేకము. ఆవలి లోకమార్గము అందఱిది. గోతులు త్రవ్వువాని గడ్డపాఱ తగిలినచో ఏ లైనైనను తెగును.

కావున గ్రామమునకు లైను తీసికొనునపుడు పెద్దలు ఐదు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఈ అంకె బిట్లా, బైట్లా? ఇది వచ్చుటకేనా, పోవుటకు కూడనా? ఇది మాకు మాత్రమేనా, ఎందఱితో పంచుకొనవలెను? ఇది గరిష్ఠమా, తప్పక ఇచ్చు కనిష్ఠమా. తెగినచో ఎన్ని గంటలలో బాగుచేయుదురు? ఈ ఐదింటికి బదులు నోటిమాటగా గాక కాగితముపై వ్రాయించుకొనుడు. పిమ్మట వారము దినములు ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రివేళ వేగమును కొలిపించి, వానకొలత పుస్తకమువలె ఒక పుస్తకమున తేదీతో వ్రాయించుడు. కొలుచుటకు సాధనములు నేటి టెలిఫోనులలోనే కలవు. ఊరి పిల్లవా డెవడైనను చేయగలడు. ఆ పుస్తకము చేత నున్నవాని ఫిర్యాదును త్రోసిపుచ్చుట కష్టము.

పింఛనుదారు వ్రేలిముద్ర వేసి నిలుచున్నప్పుడు, రైతు పట్టాదారు పుస్తకపు నకలు కోరినప్పుడు, రోగి పటము పట్టణపు వైద్యునికి పోవలసినప్పుడు, పోవు బిట్లు కొంచెమే. ఆ కొంచెము ఆ క్షణమున పోవునా, పోదా అన్నదే ప్రశ్న. లైనునకు వేగమెంత యని అడుగువారు నేడు చాలమంది కలరు. అది నిలుచునా యని కూడ అడుగు పెద్దలు ప్రతి గ్రామమందు నుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.